"ఉప్పు - తగినంత" అంటే ఎంత? వంట, వైన్, బీరు పుస్తకాల్లో ఏది కొనాలి

పాత తెలుగు వంట పుస్తకం ఏది తీసినా ప్రతి వంటకం కింద ఒక మాట కనిపిస్తుంది: "ఉప్పు - తగినంత". వంట వచ్చినవాళ్లకి ఆ మాట చాలు. అసలు పుస్తకం అవసరం వంట రానివాళ్లకి, వాళ్లకేమో ఆ మాట ఎందుకూ పనికిరాదు. అందుకే పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను ఒక్కటే చూస్తాను. రాసినాయన "తగినంత" అనేసి తప్పుకున్నాడా, లేకపోతే ఎంత తగునో నా నాలుకతో నేనే తేల్చుకునే దారి చూపించాడా?

ఈ మధ్య ఒకే నెలలో మా ఇంట్లో ముగ్గురు నన్ను పుస్తకం చెప్పమన్నారు. మా మేనకోడలు పెళ్లయి ఇక్కడే విశాఖలో, మధురవాడలో కొత్త ఫ్లాట్‌లోకి వెళ్లింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలే. "మావయ్యా, పది చెప్పొద్దు, ఒక్కటి చెప్పు" అంది. అన్నయ్య కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. వాడికి వైన్ గురించీ బీరు గురించీ పరీక్షలున్నాయి గానీ తాగే వయసు ఇంకా రాలేదు, మన రాష్ట్రంలో 21 నిండాలి. మూడో మనిషి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మా బావగారు. ఆయనకి వంట రాదు, మందు మానేసి చాన్నాళ్లయింది, అయినా తిండి గురించి చదవడమంటే ప్రాణం. ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం చెబితే ముగ్గురూ తిట్టుకుంటారు. మీరు వీళ్లలో ఎవరికి దగ్గరో చూసుకుని చదవండి.

కొనేముందు ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు, ఆ పుస్తకం "ఎందుకు" అన్నదానికి జవాబు చెబుతుందా లేదా చూడండి. పప్పు ఉడక్కముందే చింతపండు వెయ్యకూడదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. వేస్తే పప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉండిపోతుంది. పులుపు తగిలితే గింజలో కణాల్ని పట్టి ఉంచే జిగురు పదార్థం తొందరగా కరగదని, అందుకే గింజ మెత్తబడదని ఒక్కసారి తెలిసిందనుకోండి, అదే సూత్రం టమాటాకీ నిమ్మరసానికీ మజ్జిగకీ పనికొస్తుంది. ఒక వంటకం నేర్పే పుస్తకానికీ పది వంటకాలకి సరిపడే తెలివి ఇచ్చే పుస్తకానికీ ధరలో పెద్ద తేడా ఉండదు.

రెండోది నేను పెట్టుకున్న పూర్ణా మార్కెట్ పరీక్ష. పుస్తకంలో ఏదో ఒక పేజీ తెరిచి సరుకుల జాబితా చదవండి. పూర్ణా మార్కెట్లోనో, ఎంవీపీ కాలనీ రైతుబజారులోనో, మీ వీధి చివరి కిరాణా కొట్లోనో ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టండి. పదింట్లో కనీసం ఏడైనా దొరక్కపోతే ఆ పుస్తకం బొమ్మలు చూసుకోవడానికే. వైన్ పుస్తకానికైతే ఈ పరీక్ష ఇంకా అవసరం. అందులో మెచ్చుకున్న సీసాల్లో ఒక్కటీ మన ఊళ్లో దొరకనప్పుడు, ఆ సీసా లేకుండానే మనకి ఏదైనా నేర్పగలుగుతుందా అన్నది చూసుకోవాలి.

మూడోది కొలతలు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. అమెరికా పుస్తకంలో కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. టేబుల్ స్పూను అమెరికాలో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. బటర్ "ఒక స్టిక్" అంటే 113 గ్రాములు. ఓవెన్ 350 అంటే ఫారెన్‌హీట్, మన లెక్కలో 177 డిగ్రీలు. అది చూసుకోకుండా సెల్సియస్ అనుకుంటే కేకు బొగ్గవుతుంది. పాత తెలుగు పుస్తకాల తిప్పలు మరో రకం. గిద్దలు, సోలలు, తవ్వలు, వీశెలు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. ఈ ముక్క తెలియకపోతే వీశె బెల్లం అన్నచోట కిలో వేసి, పాకం ఎందుకు రాలేదని తల పట్టుకుంటాం.

ఇంత చెప్పిన నేనే ఉప్పు దగ్గర పడ్డాను. ఒక అమెరికా పుస్తకం చూసి కోడి కాల్చాను. స్పూన్ల లెక్కన కోషర్ ఉప్పు వెయ్యమన్నాడు. అది రేకుల్లా ఉండే తేలికైన ఉప్పు. మన ప్యాకెట్ ఉప్పు సన్నటి పొడి, అదే స్పూనులో దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. నేను స్పూనుకి స్పూను వేసేశాను. అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, "ఏటిరా ఇది? కోడని చెప్పి ఉప్పుచేప పెట్టావేటి?" అంది. తప్పు పుస్తకంది కాదు. ఏ ఉప్పు ఎంత తూగుతుందో ముందు పేజీల్లోనే రాసి ఉంది. ఆ పేజీలు తిప్పేసి వంటకాలకి దూకినవాణ్ణి నేనే. అప్పట్నుంచి గ్రాముల్లో కొలతలున్న పుస్తకానికి నా దగ్గర ఒక మార్కు ఎక్కువ.

ఇంకో రెండు చిన్న సంగతులు. పుస్తకం వెనక ఇండెక్స్ ఎలా ఉందో చూడండి. "వంకాయ" అని వెతికితే వంకాయ ఉన్న పేజీలన్నీ రావాలి, అంతేగానీ "అమ్మమ్మగారి ఆదివారం" అనే పేరు కింద దాక్కోకూడదు. తర్వాత, ఆ పుస్తకం ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించండి. వంట పుస్తకం యాభై ఏళ్లయినా పాతబడదు. ఏ ఏడాది పంట బాగుంది, ఏ సీసా ఎంత అని రాసే వైన్ పుస్తకం మాత్రం పాత క్యాలెండరుతో సమానం.

వంట: తెలుగు ఇంటి పుస్తకాలు

తెలుగులో మొదటి పుస్తకం అనగానే ఇప్పటికీ నోటికొచ్చే పేరు మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు'. ఆంధ్రప్రభలో దశాబ్దాల తరబడి 'ప్రమదావనం' శీర్షిక నడిపిన ఆవిడకి పాఠకురాలి ఇబ్బంది ఏమిటో బాగా తెలుసు. వంటకం చుట్టూ కబుర్లుండవు, ఉన్నది ఉన్నట్టు పొట్టిగా ఉంటుంది. ఎన్నో ముద్రణలు పడింది, మూడు తరాల పెళ్లికూతుళ్ల పెట్టెల్లోకి వెళ్లింది.

మరి లోటేమిటంటే, ఇలాంటి పుస్తకాలు మీకు కొంత వంట వచ్చనుకుని మొదలవుతాయి. "దోరగా వేయించి" అంటే ఏ రంగు దాకా? "పాకం రాగానే" అంటే తీగపాకమా, ఉండపాకమా? పక్కన అమ్మో అత్తగారో ఉండి చూపిస్తే సరే. మధురవాడ ఫ్లాట్‌లో రాత్రి తొమ్మిదింటికి ఎవరుంటారు? అదీగాక ఆవిడ నూజివీడులో పుట్టి చెన్నైలో స్థిరపడినవారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇళ్ల రుచి అచ్చం అలాగే ఉండాలని ఎదురుచూస్తే అది మన తప్పు.

ఇంగ్లీషులో కావాలంటే బిల్కీస్ లతీఫ్ రాసిన 'ది ఎసెన్షియల్ ఆంధ్రా కుక్‌బుక్' ఉంది, 1999లో పెంగ్విన్ వేసింది. హైదరాబాదీ వంటకాలు కూడా కలిపి ఉంటాయి. తెలుగు చదవడం రాని కోడలికో, ఢిల్లీలో పెరిగిన అల్లుడికో ఇవ్వడానికి బాగుంటుంది.

నా అలమరలో అచ్చు పుస్తకాలు ఎన్ని ఉన్నా అమ్మ చేసే కవ్వళ్ల పులుసు వాటిలో లేదు. అది ఆవిడ పొడుగు నోటుపుస్తకంలో ఉంది, పసుపు మరకల మధ్య: "పులుసు కాగి చిక్కబడ్డాక చేప వెయ్యి. గరిట పెట్టకు, కుండ తిప్పు. దించి మూత పెట్టి వదిలెయ్యి." అంతే. మీ ఇంట్లో అలాంటి నోటుపుస్తకం ఉంటే ఏ పుస్తకం కొనేముందైనా దాన్ని ఒకసారి జిరాక్స్ తీయించుకోండి. ఇంక ఈ కింద చెప్పే పుస్తకాలు ఆ నోటుపుస్తకం పక్కన పెట్టుకోవడానికి.

వంట: "ఎందుకు" చెప్పే పుస్తకాలు

మూడు పుస్తకాల మధ్యే చాలామంది ఊగిసలాడుతుంటారు. వీటి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

క్రిష్ అశోక్ 'మసాలా ల్యాబ్' 2020లో వచ్చింది. చెన్నై మనిషి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడు, అందుకే రాసే తీరులో కూడా ఆ వాసన ఉంటుంది. ఈ పుస్తకానికి పూర్ణా మార్కెట్ పరీక్షలో నూటికి నూరు. ప్రెషర్ కుక్కరు, ఉల్లిపాయ వేపుడు, వంటసోడా, అల్లంవెల్లుల్లి, మన వంటింట్లో రోజూ చేతికి తగిలేవే అన్నీ. కుక్కర్లో ఆవిరి ఒత్తిడి వల్ల నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, మామూలు గిన్నెలో 100 దాటవు, అందుకే పప్పు పావుగంటలో అయిపోతుంది. ఉల్లిపాయలో నీరు ఇగిరే దాకా అది ఎర్రబడదు. ఇలాంటివి తెలిశాక విజిల్స్ లెక్కపెట్టే టెన్షన్ తగ్గుతుంది. దీంతో నాకున్న పేచీ ఒక్కటే. వేగం ఎక్కువ, జోకులు ఎక్కువ. అమ్మకి చదివి వినిపిస్తే "ఇంత కథేటి, ఉల్లిపాయ వేపడానికి?" అంటుంది.

సమీన్ నస్రత్ 'సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్' 2017 నాటిది. ఉప్పు, కొవ్వు, పులుపు, వేడి, ఈ నాలుగూ చేతికి వస్తే ఏ వంటైనా వచ్చినట్టేనని ఆవిడ వాదన. ఫొటోలుండవు, చేత్తో గీసిన రంగు బొమ్మలుంటాయి. పుస్తకం మొదటి సగం పాఠాలు, వంటకాలు ఆ తర్వాతే. కాలిఫోర్నియా వంటిల్లు కాబట్టి సరుకుల పరీక్షలో తప్పుతుంది. అయినా నేను దీన్ని వదులుకోను. పులుపు మీద ఆవిడ రాసిన భాగం చదువుతున్నంతసేపూ నాకు మన వంటే కనిపించింది. కూర చప్పగా ఉందనిపించగానే ఉప్పు డబ్బా మీదకి చెయ్యి పోతుంది, చాలాసార్లు దానికి కావల్సింది నాలుగు చుక్కల నిమ్మరసం. చింతపండు, మామిడికాయ, గోంగూర, చింతచిగురు అంటూ కాలానికో పులుపు మార్చుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం, ఈ మాట మనకి కొత్త కాదు. కానీ చేతికి తెలిసినదాన్ని తలకెక్కించే పుస్తకం ఇది.

హెరాల్డ్ మెగీ 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్' మూడోది. 1984లో మొదటిసారి, 2004లో పూర్తిగా తిరగరాసి మళ్లీ వేశారు. ఎనిమిది వందల పేజీలు దాటుతుంది. చూసి వండుకునే వంటకాలు కావాలంటే ఇందులో వెతక్కండి. ఏ ప్రశ్న వస్తే ఆ పేజీ తీసి చదువుకోవాలి, నిఘంటువులాగా.

అమ్మ "కుండ తిప్పు, గరిట పెట్టకు" అన్నదానికి జవాబు నాకు ఇందులోనే దొరికింది. చేప కండని పట్టి ఉంచే పొరలు మేక మాంసంలో కన్నా చాలా పలచన, తక్కువ వేడికే కరిగిపోతాయి, ముక్క పొరలు పొరలుగా విడిపోతుంది. గరిట తగిలితే ఇంక చెప్పేదేముంది. సముద్రపు చేప నిలవుండేకొద్దీ నీచు వాసన ఎక్కువవుతుంది, దానికి కారణం ట్రైమిథైలమిన్ అనే పదార్థం, పులుపు తగిలితే అది గాల్లోకి లేవడం తగ్గుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారుజామున కొన్న వంజరానికీ, సాయంత్రం బండి మీద కొన్నదానికీ పులుసులో చింతపండు ఎందుకు మారుతుందో అప్పుడు అర్థమైంది. చెరువు చేపలో ఆ వాసన తెచ్చే సరుకే తక్కువ. పులుసు పెట్టడం నాకు ముందే వచ్చు. దాన్ని ఇంకోలా మార్చి చూసే ధైర్యం మాత్రం ఈ పుస్తకమే ఇచ్చింది.

ఈ మూడింట్లో ఒకటే అంటే, రోజూ వండుకునే కొత్త కాపురానికి 'మసాలా ల్యాబ్'. వంట బాగా వచ్చి విసుగు పుట్టినవాళ్లకి నస్రత్. ప్రతిదానికీ "ఎందుకలా?" అని అడిగే పిల్లలున్న ఇంటికీ, వంట వృత్తిగా పెట్టుకునేవాళ్లకీ మెగీ. ముందే మెగీ కొనుక్కుంటే భయపడి అటక మీద పెట్టేస్తారు, నేను చూశాను.

టీవీల్లో, యూట్యూబ్‌లో పేరొచ్చిన వంటవాళ్ల పుస్తకాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆ వంటకాలు వీడియోలో ఊరికే దొరుకుతాయి, పుస్తకంలో అదనంగా ఉండేది వాళ్ల నవ్వు ముఖం.

వైన్: మన నాలుకకి ముందే తెలిసిన ముక్క

వైన్ పుస్తకం తెరిస్తే మొదట భయపెట్టేది టానిన్ అనే మాట. ఇంగ్లీషు చదువరికి అదేమిటో విడమరచడానికి రచయితలు పేజీలు ఖర్చుపెడతారు. నోరు పట్టేస్తుంది, నాలుక ఎండిపోయినట్టుంటుంది, చేదు కాదు గానీ చేదులాంటిది అని. తెలుగువాడికి ఒక్క మాట చాలు: వగరు. మనం ఏటా ఉగాదికి ఆరు రుచులూ వేరువేరుగా లెక్కపెట్టుకుని తినేవాళ్లం. వేపపువ్వు చేదు, పచ్చిమామిడి వగరు, రెండూ ఒకటి కాదని మన పిల్లలకి కూడా తెలుసు.

అందుకని అన్నయ్య కొడుకుని ముందు వంటింట్లో కూర్చోబెట్టాను. ఒక గ్లాసులో పాలు పొయ్యని చిక్కటి టీ డికాక్షన్, ఒకదాన్లో నిమ్మరసం నీళ్లు, ఒకదాన్లో మెంతులు నానిన నీళ్లు. వగరు, పులుపు, చేదు. తర్వాత ఆ డికాక్షన్‌లోనే రెండు చెంచాల పాలు పోయించాను. వగరు తగ్గిపోయింది, పాలలో మాంసకృత్తులు దాన్ని పట్టేసుకుంటాయి. వగరు ఎక్కువున్న ఎర్ర వైన్‌కి మాంసం ఎందుకు జోడీ అంటారో కూడా ఇదే దారిలో అర్థమవుతుంది. చివర్లో నాలుగు నేరేడు పళ్లు పెట్టాను. తీపి, పులుపు, వగరు మూడూ ఒకేసారి నాలుక మీద. "చిన్నాన్నా, మా మాస్టారు బ్యాలెన్స్ అంటారే, ఇదేనా?" అన్నాడు. ఇదే. సీసా మూత తియ్యకుండానే సగం పాఠం అయిపోయింది.

కాబట్టి వైన్ పుస్తకంలో నేను వెతికేది నాలుకకి పాఠం చెప్పే గుణం. పేర్ల జాబితాలు, మార్కులు తర్వాత.

జాన్సిస్ రాబిన్సన్ రాసిన 'ది 24-అవర్ వైన్ ఎక్స్‌పర్ట్' చిన్న పుస్తకం. ఒక ఆదివారంలో అయిపోతుంది. పెళ్లిలోనో ఆఫీసు పార్టీలోనో గ్లాసు చేతికిచ్చినప్పుడు బిత్తరపోకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లకి ఇంతకన్నా అక్కర్లేదు. 2015 నాటి 'వైన్ ఫాలీ' బొమ్మలతో, పట్టికలతో నడుస్తుంది. ద్రాక్ష రకానికి ఒక పేజీ, అందులో పులుపెంత, వగరెంత, నోట్లో ఎంత చిక్కగా తగులుతుంది అని గీతల్లో చూపిస్తుంది. ఇంగ్లీషు పేరాలు చదవడానికి ఇబ్బందిపడే కుర్రాళ్లకి ఇది బాగా ఎక్కుతుంది. కాకపోతే గీతల్లో చూసింది తలలో ఎక్కువ కాలం నిలవదు. కారెన్ మెక్‌నీల్ 'ది వైన్ బైబిల్' లావు పుస్తకం, దేశం తర్వాత దేశం కథలు చెప్పుకుంటూ పోతుంది, తీరిక ఉన్నవాళ్లకి. 1994లో మొదలై 2023లో అయిదో ముద్రణ పడ్డ 'ది ఆక్స్‌ఫర్డ్ కంపానియన్ టు వైన్' మాత్రం అకారాది క్రమంలో ఉండే విజ్ఞానసర్వస్వం. అది ఇంట్లో కొనుక్కునేది కాదు. కాలేజీ లైబ్రరీలో ఉంటే పరీక్షకి ముందు వెళ్లి కూర్చోవాలి.

'ది వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్' వేరే జాతి. హ్యూ జాన్సన్ 1971లో మొదలుపెట్టాడు, తర్వాత జాన్సిస్ రాబిన్సన్ చేరింది, ఎనిమిదో ముద్రణ 2019లో వచ్చింది. కొండవాలు ఎటు తిరిగి ఉంది, ఏటి ఒడ్డు ఎంత దూరం, నేల ఎలాంటిది అని పటాలు వేసి చూపిస్తుంది. బావగారు దీనికి దాసోహం. "ఏవోయ్, అనకాపల్లి బెల్లానికి ఇలాంటి పటం ఎవరైనా గీస్తే?" అంటారు. ఆయన మాటలో పాయింటుంది. ఏ ఊరి నేల ఏ రుచినిస్తుందో మనం నోటిమాటగా చెప్పుకుంటాం, వాళ్లు పటం గీసుకున్నారు. కొన్ని వేలు పోసి కొనాల్సిన పుస్తకం, వైన్ నేర్చుకోవడానికి అక్కర్లేదు, చూసి మురిసిపోవడానికి అద్భుతం.

ఏటేటా వచ్చే జేబు పుస్తకాలు మాత్రం కొత్తవి తప్ప కొనొద్దు. ఫుట్‌పాత్ మీద చవగ్గా వస్తోందని పదేళ్ల నాటిది ఒకటి కొన్నాను. "ఇప్పుడే తాగండి" అని అందులో రాసిన సీసాలు ఎప్పుడో ఎవరో తాగేసి ఉంటారు.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ యూరప్, అమెరికా కంచాల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గోంగూర మాంసం పక్కన ఏం పెట్టాలో వీటిలో ఉండదు. ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ కారాన్ని ఇంకా మండిస్తుంది, కాస్త తీపి, పులుపు ఉండి ఆల్కహాల్ తక్కువున్నది కారం తిండికి నయం అనే ముక్క పట్టుకుంటే మిగతాది మీరే తేల్చుకోవచ్చు.

బీరు

బీరు పుస్తకాల సంఖ్య తక్కువ, ఎంచుకోవడం సులువు. మైకేల్ జాక్సన్ 1977లో 'ది వరల్డ్ గైడ్ టు బీర్' రాశాడు (పాటగాడు కాదు, ఇంగ్లండు విలేఖరి). ఏ ఊరి బీరు ఏ కోవలోకి వస్తుందో విడదీసి చెప్పడం అక్కణ్ణుంచే ఊపందుకుంది. చరిత్ర కోసం తప్ప ఇప్పుడు అది పాతబడింది. రాండీ మోషర్ 'టేస్టింగ్ బీర్' మొదట 2009లో వచ్చింది. నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది, చేదు ఎక్కణ్ణుంచి, నల్ల బీరుకి ఆ మాడు రుచి ఎలా వచ్చింది అని ఒక్కొక్కటీ విప్పుతుంది. నల్ల బీరు పేజీ చదువుతూ పక్కన అరకు కాఫీ గింజలు పెట్టుకుని వాసన చూడమన్నాను మా వాణ్ణి. గింజ ఏదైనా బాగా వేపితే వచ్చే కమ్మటి మాడు రెండింట్లోనూ ఉంది. గ్యారెట్ ఆలివర్ 'ది బ్రూమాస్టర్స్ టేబుల్', 2003 నాటిది, తిండితో బీరు జోడీ గురించి. రెస్టారెంటులో పనిచెయ్యబోయేవాడికి రెండో పుస్తకంగా సరిపోతుంది.

బవేరియాలో 1516లో ఒక శాసనం చేశారు, బీరులో బార్లీ, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు), నీళ్లు తప్ప ఇంకేం వెయ్యకూడదని. అందులో ఈస్టు పేరే లేదు. పులియబెట్టేది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు మరి. ఈ ముక్క బీరు పుస్తకాలన్నిట్లోనూ వింతగా చెబుతారు గానీ మన వైపు వాళ్లకి వింతేం కాదు. తెల్లారి దించిన తాటినీరా తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి అది కల్లు. దాంట్లో ఎవరూ ఏమీ కలపలేదు, గాల్లోనూ కుండలోనూ ఉన్న ఈస్టే ఆ పని చేసింది. ఏజెన్సీలో జీలుగు కల్లు కూడా అంతే. బెల్జియంలో గాలికి వదిలేసి పులియబెట్టే లాంబిక్ అనే బీరు గురించి చదివినప్పుడు నాకు కల్లు ముంతే గుర్తొచ్చింది.

ఇక జాన్ పామర్ 'హౌ టు బ్రూ'. ఇంట్లో బీరు కాచుకోవడం మీద చాలా మంచి పుస్తకం, 2000లో మొదట ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. కానీ ఇక్కడ చదవడానికే పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం నేరం. ఇంట్లోవాళ్ల కోసమే అయిదు లీటర్లు అన్నా ఒప్పుకోరు. సామాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయని మోసపోకండి. పులియబెట్టడం మీదే మోజుంటే సాండర్ కాట్జ్ 'ది ఆర్ట్ ఆఫ్ ఫర్మెంటేషన్' తీసుకోండి, 2012లో వచ్చింది. ఊరగాయ, పెరుగు, ఇడ్లీపిండి దాకా అన్నిటి సంగతీ ఉంది. తరవాణి కుండ పెట్టిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఆ పుస్తకం పుట్టింటికి వెళ్లినట్టుంటుంది.

ఎవరికి ఏది

| మీరు | మొదట | ఆ తర్వాత | ఇప్పుడే వద్దు |
|---|---|---|---|
| కొత్త కాపురం, తీరిక తక్కువ | మసాలా ల్యాబ్ | వంటలు - పిండివంటలు | మెగీ |
| వంట బాగా వచ్చు, కొత్తదనం కావాలి | సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్ | మెగీ | బొమ్మల పుస్తకాలు |
| హోటల్ చదువు | వైన్ ఫాలీ, టేస్టింగ్ బీర్ | మెగీ, బ్రూమాస్టర్స్ టేబుల్ | ఆక్స్‌ఫర్డ్ కంపానియన్ (లైబ్రరీలో చూడండి) |
| పార్టీలో తడబడకపోతే చాలు | 24-అవర్ వైన్ ఎక్స్‌పర్ట్ | ఏమీ అక్కర్లేదు | వైన్ బైబిల్ |
| తినడం, తాగడం కన్నా చదవడం ఇష్టం | అచయ్య, వైన్ అట్లాస్ | వైన్ బైబిల్ | జేబు పుస్తకాలు |

పట్టికలో అచయ్య పేరు ముందు చెప్పకుండా పెట్టేశాను. కె.టి. అచయ్య హైదరాబాదులో పనిచేసిన ఆహార శాస్త్రవేత్త. 1994లో వచ్చిన ఆయన 'ఇండియన్ ఫుడ్: ఎ హిస్టారికల్ కంపానియన్' చదివితే మన కంచంలో ఏది ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. పోర్చుగీసువాళ్లు రాకముందు మన దేశంలో మిరపకాయే లేదు, ఘాటు ఎక్కువగా మిరియానిదే. బావగారు ఇది చదివిన వారం రోజులూ భోజనాల దగ్గర ఆవకాయ జాడీ వంక అనుమానంగా చూసేవారు.

మన ఊళ్లో కొనడం, దాచుకోవడం

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఒక పూట కూర్చుని, వంట పుస్తకాలు మీకు ఏ తరహావి పడతాయో చూసుకుంటే డబ్బు మిగులుతుంది. ఫోన్లో చదివే పుస్తకం చవక, నిజమే. వివరణలుండే మెగీ, మసాలా ల్యాబ్ లాంటివి అలా చదువుకోవచ్చు. వండుతూ చూసుకునేది మాత్రం కాగితం మీదే కావాలి, శనగపిండి చేతులతో స్క్రీన్ మాటిమాటికీ తెరవలేం. పటాల పుస్తకం ఫోన్లో అసలు దండగ.

ఇంకోటి, విశాఖలో ఉండేవాళ్లు తప్పక చూసుకోవాల్సింది కాగితం. ఇక్కడి ఉప్పుగాలికీ చెమ్మకీ నున్నటి మెరుపు కాగితం తట్టుకోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి కింది అరలో పుస్తకాలన్నీ తడిశాయి. మామూలు కాగితం పుస్తకాలు ఎండలో పెడితే ఉబ్బినా బతికాయి. మాలతీ చందూర్‌కి ఏమీ కాలేదు. అట్లాస్ పేజీలు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుక అయిపోయింది, విడదీస్తే ఫ్రాన్సు మీదికి ఇటలీ వచ్చేసింది. ఖరీదైన బొమ్మల పుస్తకం కొంటే పై అరలో, గోడకి ఆనకుండా పెట్టండి, వానాకాలం పోయాక ఒకసారి ఎండ చూపించండి.

మేనకోడలు చివరికి 'మసాలా ల్యాబ్' ఆర్డరు పెట్టుకుంది. అమ్మ నోటుపుస్తకం జిరాక్స్ కూడా పట్టుకెళ్లింది. రెండోరోజే ఫోను: "మావయ్యా, సోలెడు బియ్యం అంటే ఎన్ని గ్రాములు?" అమ్మనడిగితే, ఏ సోలతో కొలిస్తే ఆ సోలే లెక్క అంది. ఆదివారం ఆ పిల్ల వచ్చి డిజిటల్ కాటా మీద పెట్టి చూస్తానని అమ్మ ఇత్తడి సోల పట్టుకుపోయింది. నెల దాటింది. అమ్మ ఇప్పుడు రోజూ బియ్యం స్టీలు గ్లాసుతో కొలుస్తూ, అన్నం ఎందుకో పలుకవుతోందని నా మీద విసుక్కుంటోంది.